ఆకు వెనకవైపు

జఘ్వాన్,
ఫిబ్రవరి 9

ఇష్రాఫ్ తల్లీ,

ఈ రోజు పనులు: రొట్టెలు కాల్చడం అయింది. దుప్పట్లు ఉతికి మేడ మీద ఆరేయడం అయింది. ఆలివ్ జాడీల్లో ఉప్పునీళ్ళు మార్చడం అయింది. మీ బాబాయి లమీన్ చొక్కాకు బొత్తాలు కుట్టడం కాలేదు. మధ్యాహ్నమంతా నువ్వు బొమ్మలు గీస్తున్న కంప్యూటర్ ఆట ఆడాను మరి.

నువ్విచ్చిన పాత ల్యాప్‌టాప్ బాగానే నడుస్తోంది. వంటింట్లో బియ్యం డబ్బా మీద పెట్టుకున్నాను. ఆటలో ఎప్పుడూ వాన పడుతూ ఉంటుంది, బల్ల మీద పిల్లి నిద్రపోతుంది, ఎవరూ ఎవర్నీ కాల్చరు, తొందర పెట్టరు. అది నాకు నచ్చింది. నేను మూలికల కొట్టులో కూర్చుంటాను, ఎవరో తలుపు గంట మోగించి లోపలికొస్తారు. "నిద్ర పట్టట్లేదు, ఊదారంగు పువ్వులది ఏదో ఉందట, ఇవ్వు" అంటారు. నేను పుస్తకం తిప్పి, అల్మారాలో మొక్కలన్నీ చూసి, పోల్చుకొని ఇవ్వాలి. సరైనది ఇస్తే దాని పేరు చీటీ అంటుకుంటుంది, ఊళ్ళో ఏం జరిగిందో ఒక ముక్క బయటపడుతుంది. ఇప్పటికి సగం అల్మారాకు పేర్లు పెట్టాను.

మీ బాబాయి వెనక నిలబడి చూశాడు. "ఆటలో ఒక కొట్టు, ఇంట్లో ఒక వంటిల్లు. రెండు చోట్లా నాకు కాఫీ లేదు" అన్నాడు. "గంట మోగించి అడగండి, ఇస్తాను" అన్నాను. నిజంగానే చెంచాతో గ్లాసు మీద కొట్టాడు. ఇచ్చాను.

ఇక తప్పులు. మీ సదాపాకు సదాపాకులా లేదు, కొత్తిమీరలా ఉంది. దాని ఆకు కొస గుండ్రంగా ఉంటుంది, రంగులో నీలం కలిసి ఉంటుంది. ఒక రెమ్మ పుస్తకంలో పెట్టి ఎండబెట్టి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఫోనులో బొమ్మ పంపమంటావు, కానీ బొమ్మను వేళ్ళతో నలిపి వాసన చూడలేవు కదా. ట్యూనిస్ వెళ్ళే లువాజ్ షేర్ టాక్సీ డ్రైవరు జీలానీ చేతికిస్తాను, స్టాండు దగ్గర తీసుకో.

ఒక సంగతి. ఆటలో మెట్ల వీధి, నీలం తలుపు, తలుపు మీద రేకు నెలవంక. అది మా అమ్మ కొట్టు. నువ్వు పుట్టేసరికే మూతపడింది, అయినా ఎంత బాగా గీశావు. మీ అమ్మ చెప్పిందా? మరి ఆటలో కొట్టావిడ ఎందుకు కనిపించదు? అడుగున తాళం వేసిన సొరుగులో ఏముంది?

నీ ఖాల్తీ,
దలెందా

*

ట్యూనిస్,
ఫిబ్రవరి 17

ఖాల్తీ దలెందా,

సదాపాకు అందింది. ఆఫీసులో నలుగురం ఉంటే నలుగురం వాసన చూశాం. ముగ్గురం తుమ్మాం. మా నాధిం మాత్రం, అదే, కంపెనీ పెట్టినవాడు, "మీ పిన్నికి జీతం ఇవ్వాల్సొస్తుందేమో" అన్నాడు. ఆకు మళ్ళీ గీశాను.

కొట్టు సంగతి అమ్మే చెప్పింది, కానీ ఎంత తవ్వినా మూడు మాటలకు మించి రాలేదు. నీలం తలుపు, నెలవంక, మెట్లు. మిగతాది అడిగితే లేచి గిన్నెలు కడుగుతుంది, కడిగినవే మళ్ళీ కడుగుతుంది. అమ్మమ్మ మన్నూబియా అని ఒకావిడ ఈ భూమ్మీద ఉండేదా అని నాకే అనుమానం వస్తుంది.

సొరుగులో ఏముందో చెబితే ఇంక ఆటెందుకు ఖాల్తీ? ఆడు.

ఇంకో రెండు ఆకులు కావాలి. అడవి గన్నారియా ఒకటి, అద్దాద్ ఒకటి. వీలైతే వేర్లతో సహా. ఎందుకని అడగకు, సరేనా. మే నెల లోపు ఆట పూర్తి చేయాలి, పరుగులు పెడుతున్నాం. బాబాయికి కాఫీ ఇవ్వు.

నీ ఇష్రాఫ్

*

జఘ్వాన్,
మార్చి 2

ఇష్రాఫ్‌కు,

అడిగినవి పంపుతున్నాను. వేరు వేరు కాగితాల్లో చుట్టాను, ఎర్ర దారం కట్టింది అద్దాద్. విప్పిన తర్వాత చేతులు కడుక్కో. ఆ కాగితాలు మళ్ళీ దేనికీ వాడకు.

జాగ్రత్తగా చదువు. పువ్వు రాక ముందు రెండూ నేలకు అతుక్కొని గుండ్రంగా పరుచుకొని ఉంటాయి. రెండిటి ఆకూ చీలికలు చీలికలుగా, ముళ్ళతో ఉంటుంది. గన్నారియా కాడలు ముళ్ళు తీసి కుస్‌కుస్‌లో వేస్తాం, లేత దుంప ఉడకబెడతాం. దాని ఆకు తిరగేస్తే వెనకవైపు దూది పరిచినట్టు తెల్లగా ఉంటుంది. అద్దాద్ ఆకు వెనక అంత తెలుపు ఉండదు. దాని వేరు కోస్తే జిగురు కారుతుంది, వేరు రుచికి తియ్యగా ఉంటుంది. తియ్యగా ఉండటమే దానితో వచ్చిన చిక్కు. పిల్లలు చెరుకు ముక్కలా నములుతారు. ఒక్క వేరు చాలు, పిల్లలు బతకరు.

నేను చిన్నప్పటి నుంచీ ప్రతి వసంతంలో గన్నారియా ఏరుతున్నాను. ఇప్పటికీ ప్రతి ఆకూ తిరగేసి చూస్తాను.

ఎందుకని అడగొద్దన్నావు. అడుగుతున్నాను. నిద్ర మందులూ, దగ్గు మందులూ అమ్మే ఆటలో అద్దాద్‌కు ఏం పని?

దలెందా

*

ట్యూనిస్,
మార్చి 11

ఖాల్తీ,

నీ ఉత్తరం కింద ఈసారి "నీ ఖాల్తీ" అని లేదు. చూశాను.

ఇక దాచను. ఈ కవరులో ఒక మెమరీ స్టిక్ ఉంది. ఆట చివరి భాగం అందులో ఉంది. మే నెలలో మీ ఊళ్ళో నిస్రీ గులాబీ పండుగకు పురపాలక సంఘం వాళ్ళు మమ్మల్ని పిలిచారు. జఘ్వాన్ మీద ఆట కాబట్టి సాంస్కృతిక భవనంలో గోడ మీద పెద్దగా వేసి ఊరందరి చేతా ఆడిస్తారట. నాధిం వాళ్ళ నానమ్మది కూడా మీ ఊరే. ఆవిడ వాడికి చిన్నప్పుడు చెప్పిన కథే మా ఆటకు మూలం. మెట్ల వీధిలో మూలికలు అమ్మే ఒకావిడ, ఆవిడ ఇచ్చిన అద్దాద్ తిని చనిపోయిన ఒక పాప.

ఆ కొట్టు ఎవరిదో నాకు తెలుసని వాడికి నేను చెప్పలేదు. అది నిజమేననుకున్నాను ఖాల్తీ. అమ్మ ఎప్పుడూ కాదనలేదు. నువ్వూ కాదనలేదు. ఇంట్లో ఎవరూ మాట్లాడని సంగతి నిజమే అయి ఉంటుందని పెరిగాను. ఆటలో అమ్మమ్మ పేరు లేదు. ఆవిడను చెడ్డదానిగా చూపించలేదు, పొరపాటు చేసిన మనిషిగా చూపించాం. కోప్పడే ముందు ఆడి చూడు.

ఇష్రాఫ్

*

జఘ్వాన్,
మార్చి 19

ఇష్రాఫ్,

ఆడాను. చివరిదాకా వెళ్ళాను. అల్మారా అంతటికీ పేర్లు పెట్టాను, ఒక్క తప్పు లేకుండా. అప్పుడు మీ ఆట నన్ను అడిగింది: "పాపకు విషం ఎక్కడి నుంచి వచ్చింది?" మూడు చీటీలు ఇచ్చింది. వైద్యుడు, పాలవాడు, కొట్టావిడ. వైద్యుడి చీటీ పెట్టాను, సొరుగు తెరుచుకోలేదు. పాలవాడిది పెట్టాను, తెరుచుకోలేదు. మూడోది పెట్టలేదు. వైరు పీకేశాను.

నా చేత్తో నా తల్లి మీద ఆ చీటీ అంటించమంటున్నావు. తర్వాత ఊరందరి చేత, గోడ మీద.

కూర్చొని చదువు. మా అమ్మ కొట్టులో అద్దాద్ ఉండేది, నిజం. దిష్టికి పొగ వేసుకోవడానికి కొనేవాళ్ళు, ఇప్పటికీ కొంటారు. చక్రాలుగా కోసి, దారానికి గుచ్చి, నెలల తరబడి పొయ్యి మీద వేలాడదీస్తే నల్లగా కట్టెలా అవుతుంది. దాన్ని ఏ పాపా నమలలేదు. పాప తిన్నది అప్పుడే పొలంలోంచి పీకిన పచ్చి వేరు. వాళ్ళమ్మ గన్నారియా అనుకొని తవ్వి తెచ్చింది. ముంగిట్లో కూర్చొని పొట్టు తీస్తుంటే పాప ఒక ముక్క తీసుకొని నమిలింది. తియ్యగా ఉంది, ఇంకొకటి తీసుకుంది.

ఇదంతా నాకెలా తెలుసంటావా? పాప కళ్ళు తేలేయగానే ఆ తల్లి సగం కొరికిన వేరు పట్టుకొని మా కొట్టుకు పరిగెత్తుకొచ్చింది. "మన్నూబియా, ఇది గన్నారియానే కదా, గన్నారియానే అని చెప్పు" అంది. నాకు అప్పుడు పన్నెండేళ్ళు, గల్లా దగ్గర నిలబడి ఉన్నాను. అమ్మ ఆ వేరు చూసింది, ఆవిడ ముఖం చూసింది. వేరు తీసుకొని పొయ్యిలో పడేసింది. "నువ్వేం తేలేదు, ఇంటికి పద" అని ఆవిడతో పాటు పరిగెత్తింది.

సాయంత్రానికి పాప లేదు. వైద్యుడు అద్దాద్ అన్నాడు. అద్దాద్ ఎవరమ్ముతారు? మన్నూబియా. అంతే. వాళ్ళింట్లో ఆ వారమే మా కొట్టులో కొన్న పొగ కట్ట కూడా దొరికింది. అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. కొట్టు మూసేసింది, మీ అమ్మను ట్యూనిస్‌లో మా మేనత్త దగ్గరికి పంపేసింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, "ఆమె బిడ్డను పోగొట్టుకుంది. నేను కొట్టు పోగొట్టుకున్నాను. రెండూ సమానం కాదు, నోరు మూసుకో" అంది.

మూసుకున్నాను. ఆ తల్లి ఎవరో నీకు చెప్పను. ఆవిడ బతికే ఉంది.

కానీ అమ్మ ఆ మౌనం ఆవిడకిచ్చింది, మీ కంపెనీకి ఇవ్వలేదు. ఆ చివరి భాగం మార్చండి.

"నలభై ఏళ్ళ నాటి సంగతి, ఇప్పుడెవరికి కావాలి?" అన్నాడు మీ బాబాయి. "నాకు" అన్నాను. ఆయన లేచి కాఫీ తనే పెట్టుకున్నాడు.

దలెందా

*

ట్యూనిస్,
మార్చి 27

ఖాల్తీ,

నీ ఉత్తరం అమ్మకు చూపించాను. చదివి, ఈసారి గిన్నెలు కడగలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది.

నాధింకు అంతా చెప్పాను, ఆ కొట్టు మా అమ్మమ్మదేనని కూడా. కాసేపు తల పట్టుకున్నాడు. తర్వాత ఇలా సాగింది.

"అయ్యో, నాకు ముందే చెప్పొద్దా? సరే, కొట్టావిడను తీసేద్దాం. మరి ఎవర్ని పెడదాం?"

"ఎవర్నీ పెట్టొద్దు."

"దోషి లేకుండా రహస్యమేంటి ఇష్రాఫ్? ఇన్ని గంటలు ఆడించి చివర్లో 'ఏమో, తెలీదు' అంటామా? ల్యాప్‌టాప్ కిటికీలోంచి విసిరేస్తారు."

"మా పిన్ని ఒప్పుకోదు."

"పిన్నికి తెలుసుగా అసలు మనిషెవరో. ఆ తల్లినే పెడదాం. పేరు మారుద్దాం, వీధి మారుద్దాం. నిజానికి అది ఇంకా గొప్ప ముగింపు. ఆడినవాళ్ళు ఏడుస్తారు."

ఖాల్తీ, నన్ను తిట్టకు, నాకూ అదే న్యాయం అనిపిస్తోంది. నువ్వు చెప్పింది నిజం, ఆట నిజాన్ని చూపిస్తుంది, అమ్మమ్మ పేరు బాగుపడుతుంది. ఆవిడను కాపాడాల్సిన అవసరం మనకేముంది? ఆవిడ నలభై ఏళ్ళు అమ్మమ్మను కాపాడిందా? ఒప్పుకోకపోతే పాత ముగింపుతోనే పండుగకు వెళ్తామంటున్నాడు. ఏప్రిల్ నెలాఖరులోగా చెప్పు.

ఇష్రాఫ్

*

జఘ్వాన్,
ఏప్రిల్ 3

ఇష్రాఫ్ తల్లీ,

పండుగకు ముందు పనులన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. నిస్రీ పువ్వు ఇంకా విచ్చలేదు కానీ పన్నీరు తీసే రాగి బట్టీ తోమి పెట్టుకోవాలి. అయినా ఇదే ముందు రాస్తున్నాను.

ఒప్పుకోను. పాత ముగింపూ ఒప్పుకోను, కొత్తదీ ఒప్పుకోను. వీధి మార్చినా జఘ్వాన్‌లో ఎవరింట్లో ఏ పాప పోయిందో అందరికీ తెలుసు. మీరు పేరు రాయక్కర్లేదు, గోడ మీద ఊరే రాసుకుంటుంది. నిందను ఒక ఆడమనిషి మెడలోంచి తీసి ఇంకో ఆడమనిషి మెడలో వేయడానికి నేను నీకు ఆకులు ఎండబెట్టి పంపలేదు. పాత ముగింపుతో మీరు ఇక్కడికొస్తే నేను ఆ గోడకూ, దాని మీద బొమ్మ వేసే మీ పెట్టెకూ మధ్యలో నిలబడతాను. పక్కకు జరగను. నాధింకు ఇది అలాగే చదివి వినిపించు.

దోషి కావాలంటున్నాడు కదా. వాడినే దోషిని చేయి.

ఎలాగో చెబుతాను. ఆటంతా మేం కొట్టులో కూర్చొని, పుస్తకం ముందు పెట్టుకొని, తీరిగ్గా మొక్కలను పోలుస్తాం. పిల్లి నిద్రపోతుంది, వాన పడుతుంది. ఎవరైనా పోల్చగలరు. చివర్లో కొట్టులోంచి బయటకు తీసుకెళ్ళు. పుస్తకం తీసేసుకో. మార్చి నెల, మన ఊరి రాళ్ళ క్వారీ వెనక పొలం, ఎండ. చేతిలో బుట్ట. ఇంట్లో తినేవాళ్ళు ఎదురుచూస్తున్నారు. నేల మీద ముళ్ళ ఆకులు పరుచుకొని ఉన్నాయి, కొన్ని గన్నారియా, కొన్ని అద్దాద్. పువ్వు ఇంకా రాలేదు. కూరకు తవ్వుకొమ్మను. ఆకు తిరగేసే వీలు ఉంచు, కానీ తిరగేయమని ఎవరికీ చెప్పకు. తవ్విన తర్వాత ఇంటికి తీసుకెళ్ళు, పొయ్యి మీద పెట్టించు, చాప మీద గిన్నె పెట్టించు. అప్పుడు ఖాళీ చీటీ ఒకటి ఇచ్చి, ఎవరి పేరు రాస్తారో రాయమను. రాసినా సొరుగు తెరుచుకోవాలి, రాయకపోయినా తెరుచుకోవాలి. సొరుగులో నేను పంపిన రెండు ఆకులు పెట్టు, ముందువైపూ వెనకవైపూ.

మీ నాధిం మొదటిసారికి ఏది పీకుతాడో రాసి పంపు.

నీ ఖాల్తీ,
దలెందా

*

ట్యూనిస్,
ఏప్రిల్ 22

ఖాల్తీ,

పొలం గీశాను. నాధింకు చెప్పకుండా గీశాను. అమ్మ పక్కన కూర్చొని క్వారీ ఎటువైపు ఉండాలో చెప్పింది. కొండ నీడ ఎక్కడిదాకా పడుతుందో కూడా చెప్పింది. ఇన్నేళ్ళలో తను అన్ని మాటలు మాట్లాడటం నేను వినలేదు.

నిన్న నాధింను పిలిచి కూర్చోబెట్టాను. "ఏంటిది, పిక్నిక్కా?" అంటూ బుట్ట నింపాడు. నిండా అద్దాద్. ఇంటికెళ్ళాడు, పొయ్యి వెలిగించాడు, గిన్నె పెట్టాడు. ఖాళీ చీటీ వచ్చింది.

"ఇది మోసం. రెండూ ఒకేలా ఉన్నాయి."

"ఆకు తిరగేశావా?"

"తిరగేయొచ్చని నాకెవరూ చెప్పలేదుగా."

"ఆ తల్లికీ ఎవరూ చెప్పలేదు."

లేచి బాల్కనీలోకి వెళ్ళి సిగరెట్ కాల్చుకున్నాడు. తిరిగొచ్చి, "మా నానమ్మ ఈ కథ చెప్పినప్పుడల్లా ఆ కొట్టావిడను తిట్టేది. నేనూ తిట్టేవాణ్ణి" అన్నాడు. తర్వాత పాత ముగింపును వాడే చెరిపేశాడు. కాపీ కూడా ఉంచలేదు, నేను చూశాను.

మేము మే 19న వస్తున్నాం. అమ్మ కూడా వస్తానంది, మళ్ళీ రానంది. చూడాలి.

ఇష్రాఫ్

*

జఘ్వాన్,
మే 21

ఇష్రాఫ్ తల్లీ,

నిన్న సాయంత్రం నువ్వు కారెక్కేశావు, ఆ తర్వాత ఏం జరిగిందో నీకు తెలియదు. భవనంలో జరిగిందంతా నువ్వూ చూశావు, అయినా మీ అమ్మ కోసం మొదటి నుంచీ రాస్తున్నాను. రానని మొండికేసింది కదా, చదివి వినిపించు.

మన మందుల షాపు యజమాని తెల్ల చొక్కా వేసుకొని వచ్చి అందరికంటే ముందు కూర్చున్నాడు. "ఇది నా వృత్తి" అన్నాడు. నాలుగు అద్దాద్‌లు పీకాడు. ఆడవాళ్ళంతా నవ్వారు. పురపాలక సంఘం అధికారి పీకాడు. అవే. బడి పంతులమ్మ పీకింది. అవే. నవ్వులు తగ్గిపోయాయి. గోడ మీద ప్రతిసారీ పొయ్యి, చాప, గిన్నె, ఖాళీ చీటీ. ఒక్కరూ పేరు రాయలేదు. మెట్ల వీధిలో మన కొట్టు తలుపు మీద మసి పూసినవాళ్ళు కూడా ఆ గదిలో ఉన్నారు. నేను ఒక్కొక్కరినీ చూస్తూనే ఉన్నాను. చూపు తిప్పుకోలేదు.

అప్పుడు వెనక వరసలోంచి ఉమ్మీ సస్సియా లేచింది. అప్పుడప్పుడూ రొట్టె తెచ్చిచ్చే మా పక్కింటి పెద్దావిడ, వీధిలో అందరికీ ఉమ్మీయే. ఇష్రాఫ్, ఆ తల్లి ఎవరో చెప్పనన్నాను కదా, ఆవిడే. నేను చెప్పలేదు, తనే చెప్పింది. "తవ్వింది నేను" అంది. "క్వారీ వెనకే. నా చేత్తో. మన్నూబియా కొట్టు నుంచి ఏమీ రాలేదు."

మందుల షాపాయన, "కూర్చో ఉమ్మీ, నీ తప్పేం లేదు, మేమూ అవే పీకాం కదా" అన్నాడు.

"తప్పు లేదని నువ్వు చెప్పకు అబ్బాయ్. నువ్వు గోడ మీద పీకావు" అంది. చేతికర్ర తీసుకొని నడిచి వెళ్ళిపోయింది.

ఇది మీరంతా చూసిందే. ఈ రోజు ఉదయం ఆవిడ మా వంటింటికొచ్చింది. నిస్రీ పువ్వు బట్టీలో వేస్తున్నాను. కూర్చోమంటే కూర్చోలేదు. ఏడుస్తుందనుకున్నాను. కోపంగా ఉంది.

"మీ అమ్మ ఆ రోజు వేరు పొయ్యిలో వేసింది" అంది. "నన్నడిగిందా?"

"నిన్ను కాపాడాలని ఉమ్మీ."

"కాపాడింది. ఊరంతా నా మీద జాలి పడింది. నాకు రావాల్సిన జాలి కాదది, వేరే ఎవరికో వచ్చిన జాలి. తవ్వింది నేను, పోయింది నా కూతురు. నేను వీధిలో నిలబడి నేనే చంపుకున్నానని అరిచి ఏడవాల్సింది. మీ అమ్మ తన నోరు మూసుకొని నా నోరు కూడా మూసేసింది. అప్పటికే అందరూ ఆమెను తిడుతున్నారు, ఇక నేను ఏ ముఖం పెట్టుకొని చెప్పేది? రోజులు గడిచే కొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది. నేను పిరికిదాన్ని, సరే. కానీ ఆమె గొప్పదనం నేను అడగలేదు."

ఇన్నేళ్ళూ మా అమ్మ తన మౌనం ఆవిడకు ఇచ్చిందనే అనుకున్నాను. ఆవిడ మాటను తీసుకుందని ఎప్పుడూ అనుకోలేదు.

"పాప పేరు రియాదా" అంది సస్సియా. "నీకు గుర్తుందా?"

"ఉంది."

"ఎవరూ అనరు ఆ పేరు. నాకు భయపడి అనరు. ఇక నుంచి అను. నేను రొట్టె తెచ్చినప్పుడల్లా అను."

అన్నాను. రియాదా, రియాదా అని రెండుసార్లు అన్నాను. అప్పుడు కూర్చుంది. చేతులు కడుక్కొని పువ్వు బట్టీలోకి సర్దడం మొదలుపెట్టింది. నేను ఎక్కువ నీళ్ళు పోశానని తిట్టింది. ఇద్దరం మధ్యాహ్నం దాకా బట్టీ దించలేదు.

మా అమ్మ చేసినదానికి ఆవిడకు క్షమాపణ చెప్పాను. మా అమ్మకు చెప్పాల్సిన క్షమాపణ ఆవిడ నాకు చెప్పింది, తీసుకున్నాను. మీ అమ్మకు ఇష్టమైతే ఆవిడ ఇంటికి రమ్మను, తలుపు తెరిచే ఉంటుందంది.

రాసి ఉంచుకో. మన ఇంటికీ సస్సియా ఇంటికీ మధ్య ఉన్న బాకీ మే 21న, రెండు వైపులా, చెల్లు.

నీ ఖాల్తీ,
దలెందా